కరిగించకుండా అతకడం

ఈ ఫిల్మ్ నగర్ కొండ మీద మైకు సాధారణంగా పాటల వాళ్లకో, ట్రైలర్ విడుదల చేసేవాళ్లకో దొరుకుతుంది. వెల్డింగు గురించి మాట్లాడేవాడి చేతికి రావడం అరుదు. దొరికింది కాబట్టి వదలను. ముందు వరసల్లో పాతకాలం ఎడిటింగ్ రూముల వాళ్లు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. వాళ్లతో నాకు పనుంది, కాసేపట్లో చెబుతాను.

ఈ సాయంత్రం మనం స్మరించుకుంటున్నది డాక్టర్ బ్రహ్మ్‌ప్రకాశ్‌ను. 1912లో లాహోర్‌లో పుట్టి 1984లో కన్నుమూసిన లోహశాస్త్రవేత్త. తెలుగువారు కారు. అయినా హైదరాబాద్ ఆయన్ని తనవాడని చెప్పుకోవచ్చు. 1951 నుంచి బెంగళూరు ఐఐఎస్‌సీలో లోహశాస్త్ర విభాగాన్ని నడిపారు. ఆ తర్వాత ట్రాంబేలో అణుశక్తికి కావలసిన లోహాల పని చూశారు. మౌలాలి దగ్గరి మన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ రూపుదిద్దుకోవడంలో ఆయనది ప్రధాన పాత్ర. 1972 నుంచి 1979 వరకు తిరువనంతపురంలో విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం డైరెక్టరు. కలాం గారు ఎస్ఎల్‌వీ-3 రాకెట్ పని చేస్తున్న రోజుల్లో ఆ కేంద్రానికి పెద్దదిక్కు ఆయనే.

ఆయన తొలినాటి పనుల్లో ఒకదాన్ని నేను కావాలనే ఎత్తుకుంటున్నాను. జిర్కోనియం ఖనిజంలో హాఫ్నియం అనే ఇంకో లోహం కలిసి ఉంటుంది, సుమారు 2 శాతం. రసాయనికంగా రెండూ కవలలు. కానీ రియాక్టరులో పెడితే జిర్కోనియం న్యూట్రాన్లను పోనిస్తుంది. హాఫ్నియం దానికన్నా దాదాపు 600 రెట్లు ఎక్కువగా మింగేస్తుంది. ఆ రెంటినీ విడదీసే పద్ధతి మీద బ్రహ్మ్‌ప్రకాశ్, సి.వి. సుందరం కలిసి రాసిన పత్రం 1955లో జెనీవా అణుశక్తి మహాసభకు వెళ్లింది. విడిపోనంటున్న లోహాలను విడదీయడం ఆయన పని. ఆయన పేరు మీద ఇవాళ నేను తలకిందుల పని చెప్పబోతున్నాను: కలవనంటున్న లోహాలను కరిగించకుండా కలపడం.

నా వాదం ముందే చెప్పేస్తాను, నిద్రపోదలచినవాళ్లకు సౌకర్యంగా ఉంటుంది. రెండు వేరువేరు లోహాల అతుకులో కలపడం తేలికైన సగం. కలిశాక ఇంకా కలవకుండా ఆపడం కష్టమైన సగం. ఈ విద్యలో చెప్పుకోదగ్గ ప్రతి మెరుగుదలా ఆ రెండో సగంలో వచ్చిందే అని నా నమ్మకం.

1. కరిగిస్తే వచ్చే చిక్కు

జూబ్లీహిల్స్‌లో కొత్త ఇల్లు కడుతున్న ఏ గేటు ముందైనా నిలబడండి. గ్రిల్లు వెల్డింగు చేస్తుంటారు. రెండు ఇనప చువ్వల అంచులు కరుగుతాయి, ఒకే గుంటలో కలుస్తాయి, చల్లారి గట్టిపడతాయి. ఇనుముకు ఇనుము కాబట్టి పేచీ లేదు. ఒక చువ్వ తీసేసి అల్యూమినియం పెట్టమనండి. మేస్త్రీ మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, ఇనుము 1538కి. ఇనుము కరిగేలోపు అల్యూమినియం నీళ్లయి కారిపోతుంది.

ఆ తేడా ఒక్కటే అయితే ఏదో ఉపాయం చేసుకోవచ్చు. అసలు చిక్కు కరిగి కలిసిన తర్వాతే. ఇనుము పరమాణువులు రెండుకు అల్యూమినియం పరమాణువులు అయిదు చొప్పున కూడుకుని కొత్త పదార్థం పుడుతుంది. ఇలాంటివాటిని అంతర్లోహ సమ్మేళనాలంటారు. తల్లీ తండ్రీ ఇద్దరూ సాగే గుణం ఉన్నవాళ్లే, బిడ్డ మాత్రం గాజులా పెళుసు. టైటానియంతో ఇనుము, జిర్కోనియంతో స్టీలు, రాగితో అల్యూమినియం, అన్నిటిదీ ఇదే కథ. బంగారం అల్యూమినియంతో కలిస్తే ఊదారంగులో పుడుతుంది. చిప్పుల్లో బంగారు తీగను అల్యూమినియం మీద అతికే పరిశ్రమ దానికి పర్పుల్ ప్లేగ్ అని పేరు పెట్టింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, పేరు మాత్రం మహమ్మారిది.

ఈ పెళుసు పొర పలచగా ఉన్నంతసేపు ప్రమాదం లేదు. అల్యూమినియం, స్టీలు మధ్య అది పది మైక్రాన్ల లోపు ఉంటే అతుకు సాధారణంగా నిలుస్తుంది. మన తల వెంట్రుక మందంలో ఏడెనిమిదో వంతు అనుకోండి. అసలు పొరే లేకపోతే కలయిక జరిగిందన్న భరోసా లేదు. మందమైతే విరిగిపోతుంది. ఈ మాటను కాపురాలకు అన్వయించమని నిర్వాహకుల్లో ఒకరు ఇందాక చెవిలో ఊదారు. ఆ పని చేసే రచయితలు ఈ కొండ మీద కావలసినంత మంది ఉన్నారు, వాళ్లకే వదిలేస్తున్నాను.

2. అడ్డు తీయడం

కరిగించకపోతే లోహాలు ఎలా అంటుకుంటాయి? నిజానికి అంటుకోవడం వాటి సహజగుణం. 1724లో డెసాగులియర్స్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీలో రెండు సీసపు గుండ్లు తెచ్చి, ఒక్కోదాని అంచు కాస్త చెక్కి, ఆ తాజా ముఖాలను ఒకదానికొకటి నొక్కి మెలితిప్పి చూపించాడు. అవి అంటుకుపోయాయి. విడదీయాలంటే బరువులు వేలాడదీయాల్సి వచ్చింది. నిప్పు లేదు, జిగురు లేదు. రెండు శుభ్రమైన లోహ ముఖాలు పరమాణువుల దూరానికి వస్తే, ఏ పరమాణువు ఏ ముక్కదో వాటికి తెలియదు.

మరి మన జేబులో చిల్లర ఎందుకు అంటుకోదు? ప్రతి లోహం మీదా గాలిలో పుట్టిన ఆక్సైడు పొర ఉంటుంది, దాని మీద తేమ, చెమట, నూనె. అల్యూమినియం మీది పొర రెండు నుంచి నాలుగు నానోమీటర్లే. కానీ మొండిది. లోపలి లోహం 660కి కరిగితే పైపొర కరగడానికి 2072 డిగ్రీలు కావాలి.

ఇప్పుడు ఎడిటింగ్ రూముల వాళ్లతో నా పని. నెగటివ్ కట్ చేసి జాయింటు వేసే రోజులు మీకు గుర్తే. ముందు అంచు మీద ఎమల్షన్‌ను గీకేవారు. కింద పారదర్శకంగా ఉన్న బేస్ బయటపడేదాకా గీకాలి. చుక్క సిమెంటు రాసి, రెండో ముక్క మీద పెట్టి, స్ప్లైసర్ మూత నొక్కేవారు. సిమెంటు అని పేరే గానీ అది జిగురు కాదు. బేస్‌ను కాస్త కరిగించి ఎగిరిపోతుంది, రెండు బేస్‌లు ఒకటవుతాయి. గీకడంలో ఎమల్షన్ మరక మిగిలిందా, ప్రొజెక్టరులో ఆ జాయింటు తెగి హాల్లో ఈలలు పడేవి. తర్వాత ప్రింట్లకు పాలియెస్టర్ ఫిల్మ్ వచ్చింది. దాని మీద సిమెంటు పనిచేయదు, అది కరగదు. టేపు అంటించాలి, లేదా అల్ట్రాసోనిక్ స్ప్లైసర్‌తో ప్రకంపనలతో అతకాలి. అదే యంత్రానికి పెద్దన్న ఇవాళ బ్యాటరీ ఫ్యాక్టరీల్లో లోహాలు అతుకుతోంది. ముందు గీకు, ఆ తర్వాత నొక్కు. లోహాలకు చెప్పాల్సిన పాఠంలో సగం మీకు ముందే వచ్చు.

మిగతా సగం మన ఊరి కమ్మరికి వచ్చు. గొడ్డలి ఒళ్లంతా మెత్తటి ఇనుము, అంచుకు మాత్రం ఉక్కు. అంతా ఉక్కయితే దెబ్బకు పగులుతుంది, ఖరీదు కూడా. అంతా ఇనుమయితే పదును నిలవదు. కొలిమిలో రెండూ తెల్లగా కాగాక వెలిగారం చల్లుతాడు. అది ఇనుము మీది చిట్టెంతో కలిసి కరిగి జారుడుగా తయారవుతుంది. దాగలి మీద పెట్టి సమ్మెట వేయగానే ఆ మురికి రవ్వలై చిమ్మిపోతుంది, శుభ్రమైన ముఖాలు కలుస్తాయి. ఇనుము కరగలేదు, ఉక్కూ కరగలేదు. భిన్నమైన రెండు పదార్థాల ఘనస్థితి అతుకు ఇది. మనదేశంలో ఈ విషయం మీద ఎవరు పాఠం చెప్పినా ఇక్కణ్నించి మొదలుపెట్టకపోతే నాకు కోపం వస్తుంది.

3. రాపిడి

పద్ధతులు చాలా ఉన్నాయి. కొన్నిటిని పేరు చెప్పి దాటేస్తాను. రెండు రేకులను రోలర్ల మధ్య గట్టిగా నలిపితే పైపొరలు పగిలి, ఆ చీలికల్లోంచి లోపలి లోహాలు కలుస్తాయి. మీ వంటింట్లో ట్రైప్లై గిన్నె అలా తయారైందే, రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం. ఒక రేకు మీద పేలుడు పదార్థం పరిచి, దాన్ని రెండో రేకు మీదికి వేగంగా కొట్టించే పద్ధతి ఉంది. వాక్యూమ్‌లో వేడిచేసి గంటల తరబడి నొక్కి ఉంచే పద్ధతి ఉంది. 1991లో ఇంగ్లండులో వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కనిపెట్టిన ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగు ఉంది. తిరిగే పిన్నును రెండు పలకల సందులో దించి, పిండి కలిపినట్టు కలుపుతూ పోతారు.

నేను ఆగేది తిరిగే కడ్డీల దగ్గర. రొటరీ ఫ్రిక్షన్ వెల్డింగు యంత్రం చూడటానికి లేత్‌లా ఉంటుంది. ఒక కడ్డీ చక్‌లో బిగించి నిమిషానికి 1500 చుట్లు తిప్పుతారు అనుకోండి. రెండోది కదలకుండా పట్టుకుని ముందుకు తోస్తారు. ముఖాలు తాకగానే కీచుమంటుంది. రెండు మూడు సెకన్లలో అంచు ఎర్రబడుతుంది. లోహం మెత్తబడి పక్కలకు ఉబ్బి, చుట్టూ పెదవిలా మడత పడుతుంది. ఆ పెదవిని ఫ్లాష్ అంటారు. పైపొరలు, మురికి అన్నీ అందులోకే పోతాయి. అప్పుడు బ్రేకు. తిరగడం ఆగుతున్న క్షణంలోనే తోపుడు ఒత్తిడి పెంచుతారు, దాన్ని ఫోర్జింగ్ అంటాం. కమ్మరి చివరి సమ్మెట దెబ్బ అది. మొత్తం కలిపి కొన్ని సెకన్లు. మీ కారు ఇంజన్లో ఎగ్జాస్టు వాల్వు చాలావరకు ఇలా పుట్టిందే. మంటల్లో ఉండే తలకాయ ఒక రకం స్టీలు, గైడులో రాసుకునే కాడ ఇంకో రకం.

అల్యూమినియం కడ్డీని స్టీలు కడ్డీకి ఇలా అతికితే ఒక విచిత్రం కనిపిస్తుంది. పెదవి మొత్తం అల్యూమినియం వైపే వస్తుంది, స్టీలు కొసరైనా ఉబ్బదు. ఒకటి మెత్తబడే వేడికి రెండోది ఇంకా రాయిలా ఉంటుంది. స్టీలు ముఖం ఏ తీరుగా ఉందో, దాని మీద ఏ మరక ఉందో, అది అలాగే అతుకులో ఉండిపోతుంది. అందుకే స్టీలు ముఖాన్ని ముందే శుభ్రంగా కోసి తుడవాలి. యంత్రం చూసుకుంటుందిలే అనుకునే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

4. కంచన్‌బాగ్‌లో వెండి

ఇక అసలు కథ. ఈ కొండ నుంచి ఊరికి అటు చివర కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్ ఉంది, 1963లో పుట్టిన రక్షణ లోహ పరిశోధనశాల. ఫ్రిక్షన్ వెల్డింగు మీద మన దేశంలో మంచి పని జరిగిన చోట్లలో అదొకటి. డాక్టర్ జి. మధుసూదన్ రెడ్డి, సహచరులు అక్కణ్నించి 2008లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ ఉపన్యాసానికి గుండెకాయ.

తీసుకున్నవి 6061 అల్యూమినియం, 304 స్టెయిన్‌లెస్ స్టీలు. నేరుగా అతికితే నేను చెప్పిన రెండు-అయిదు సమ్మేళనం పుట్టి అతుకు పెళుసుగా వచ్చింది. సరే, మధ్యలో ఇంకో లోహం పూత పెడదాం అనుకున్నారు. ఎలక్ట్రోప్లేటింగ్ చేసి రాగి, నికెల్, వెండి, మూడింటినీ విడివిడిగా ప్రయత్నించారు. మీరైతే ఏది గెలుస్తుందనుకుంటారు? నన్నడిగితే ముందు నికెల్ అనేవాణ్ని. స్టీలుకు దగ్గరి చుట్టం, వెల్డర్లందరికీ నమ్మకస్థుడు.

నికెల్ ఓడింది. అల్యూమినియంతో తనే ఇంకో పెళుసు సమ్మేళనాన్ని పుట్టించింది. రాగిదీ అదే దారి. స్టీలును దూరం పెట్టడంలో పనికొచ్చినా, తమ వంతు పెళుసుదనం తాము తెచ్చాయి. వెండి నెగ్గింది. ఇనుము పరమాణువులను అవతలికి పోనివ్వకుండా గోడలా నిలబడింది, ఆ రెండు-అయిదు పుట్టలేదు. అతుకు బలంగానూ వచ్చింది, సాగే గుణంతోనూ వచ్చింది.

ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. పూత అంటే మామూలుగా మనం మధ్యవర్తి అనుకుంటాం, రెంటితోనూ చక్కగా కలిసిపోయేది కావాలని వెతుకుతాం. ఇక్కడ పనికొచ్చింది కాపలాదారు. కలపడం రాపిడే చేస్తుంది. వెండి చేసినదల్లా ఇనుము, అల్యూమినియం ఒకదాన్నొకటి చేరకుండా చూడటం. అదే ల్యాబ్ నుంచి 2012లో వచ్చిన ఇంకో పనిలో నికెల్ తన పరువు దక్కించుకుంది. రాకెట్ మోటార్ల మారేజింగ్ స్టీలును తక్కువ మిశ్రమమున్న స్టీలుకు అతికేటప్పుడు కార్బన్ ఒకవైపు నుంచి ఇంకోవైపు వలస పోతుంది. మధ్యలో నికెల్ పెడితే ఆ వలస ఆగుతుంది. ఒకచోట ఓడినవాడు ఇంకోచోట గెలిచాడు. ఎవరిని ఆపాలన్నది తేలితేనే ఏ పూత వేయాలన్నది తేలుతుంది. పుస్తకాల్లో పట్టిక చూసి పూత ఎంచుకునేవాళ్లతో నాకు తగాదా ఇక్కడే.

5. అతకకూడదని తేల్చుకోవడం

ఒక్కోసారి ఆపడం అంటే అసలు మొదలుపెట్టకపోవడం. బ్రహ్మ్‌ప్రకాశ్ గారి జిర్కోనియానికి తిరిగి వస్తాను. మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్లలో 306 ప్రెజర్ ట్యూబులుంటాయి, జిర్కోనియంలో రెండున్నర శాతం నియోబియం కలిపిన మిశ్రమంతో చేసినవి. మన ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారీ. ఒక్కో ట్యూబుకు రెండు కొసలా స్టెయిన్‌లెస్ స్టీలు ఎండ్ ఫిట్టింగులు తగిలించాలి. అంటే రియాక్టరుకు 612 చోట్ల జిర్కోనియం, స్టీలు కలుస్తాయి. లోపల దాదాపు 290 డిగ్రీల భారజలం ఒత్తిడితో పరిగెడుతుంది.

అక్కడ వెల్డింగు చేయరు. ఫిట్టింగు లోపల గాడులు చెక్కి, ట్యూబును దూర్చి, ట్యూబు లోపల రోలర్లు తిప్పుతారు. ట్యూబు గోడ వెలుపలికి ఉబ్బి గాడుల్లోకి దిగిపోతుంది. రోల్డ్ జాయింట్ అంటారు. పరమాణు స్థాయిలో కలయిక లేదు, పెళుసు పొర పుట్టే అవకాశమే లేదు. అయినా ఇక్కడా ఎక్కడ ఆపాలన్న ప్రశ్న తప్పలేదు. 1974లో కెనడాలో పికరింగ్ రియాక్టరు ట్యూబులు కారాయి. వెతికితే, రోలర్లు ఉండాల్సిన దానికన్నా లోపలికి పోయాయని తేలింది. ఫిట్టింగు ఆసరా లేని చోట ట్యూబు గోడ సాగి అంతర్గత ఒత్తిడి మిగిలింది, అక్కడ హైడ్రోజన్ చేరి నెమ్మదిగా పగుళ్లు నడిచాయి. కొద్దిపాటి అదనపు రోలింగు చేసిన నిర్వాకం అది.

ఇదే పద్ధతికి చిన్న నమూనా మీ జేబులో ఉంది. రెండు రంగుల పది రూపాయల నాణెం తీయండి. సంవత్సరం అంకె కింద నక్షత్రం గుర్తుంటే అది మన చర్లపల్లి టంకశాలది. పచ్చటి వలయం, లోపల తెల్లటి బిళ్ల. అందులో వెల్డింగు లేదు. బిళ్లను వలయంలో పెట్టి అచ్చు ఒక్క దెబ్బ వేస్తే, రెండూ ఒత్తుకుని ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి. సుత్తితో కొట్టి విడదీయాలని చూసే పిల్లలు మీ ఇంట్లో ఉండే ఉంటారు. వాళ్లను తిట్టకండి, అది విధ్వంసక పరీక్ష.

6. ఆపినా ఆగనిది

అతుకు బాగా వచ్చింది, పెళుసు పొర పలచగా ఉంది, పని అయిపోయిందా? కాలేదు. వాడకంలో వేడి తగిలినప్పుడల్లా ఆ పొర పెరుగుతూనే ఉంటుంది. రాగి, అల్యూమినియం మధ్య ఇది బాగా తెలిసిన రోగం. షూటింగు జనరేటరు వ్యాను కేబుళ్ల దగ్గర పనిచేసిన లైట్‌మెన్‌ను అడగండి. రాగి తీగనూ అల్యూమినియం తీగనూ మెలేసి టేపు చుట్టిన చోట ఎంత వేడెక్కుతుందో చెబుతారు. తేమ తగిలితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. అందుకే విద్యుత్ శాఖలో బైమెటాలిక్ లగ్గులు వాడతారు. సగం అల్యూమినియం, సగం రాగి, ఫ్యాక్టరీలో రాపిడితో ముందే అతికినవి. అల్యూమినియం తీగ అల్యూమినియానికి, రాగి రాగికి తగులుకుంటాయి. తగాదా పడే ముఖం ఒక్కటే మిగులుతుంది, అది గాలి చొరని చోట ఉంటుంది.

చలిలో ఇంకో సమస్య. రాకెట్ల క్రయోజెనిక్ దశల్లో అల్యూమినియం ట్యాంకుకు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు కలపాలి. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీలు. ఆ చలికి మీటరు అల్యూమినియం దాదాపు నాలుగు మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు మూడు. మధ్యలో అతుకు ఒక్కటే ఆ తేడాను మోయాలి.

ఇప్పుడు సంఖ్యలు పెరుగుతున్నాయి. లిథియం అయాన్ సెల్లులో ఒక ధ్రువం అల్యూమినియం రేకు మీద, ఇంకోటి రాగి రేకు మీద. వాటిని బయటికి తెచ్చే పట్టీలను సెకను లోపు ప్రకంపనలతో, సాధారణంగా సెకనుకు ఇరవై వేల చొప్పున, అతుకుతారు. ఒక బండి బ్యాటరీలో అలాంటివి వందలు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల బ్యాటరీ కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. ఇంజనీరింగ్ చదివే మన పిల్లల్లో కొందరు రేపు ఈ అతుకుల మధ్యే ఉద్యోగం చేస్తారు.

వాళ్లకు ముందుగా ఎదురయ్యేది తనిఖీ. అతుకులో రెండు ముఖాలు దగ్గరగా తాకి ఉన్నా కలిసి ఉండకపోవచ్చు. దాన్ని వెల్డింగువాళ్లు కిస్సింగ్ బాండ్ అంటారు. నవ్వండి, మీ పరిశ్రమలో అది సెన్సారు సమస్య, మా పరిశ్రమలో ప్రాణాంతకం. అల్ట్రాసౌండ్ పరీక్షకు చాలాసార్లు చిక్కదు, ఎందుకంటే ఖాళీ అంటూ ఏమీ ఉండదు. ఎక్స్‌రేకూ కనబడదు. ఫ్లాష్ ఆకారం చూసి, కడ్డీ ఎన్ని మిల్లీమీటర్లు పొట్టిపడిందో చూసి, మంచిదే అనుకుంటాం. ఆ అనుకోవడం మీద రాకెట్టును పంపలేం. కనుక ప్రతి బ్యాచిలోనూ కొన్ని ముక్కలు బలిపెట్టి తీరాలి. వంచుతారు, లాగుతారు. అల్యూమినియం వైపు లోహం సాగి చిరిగితే ఆ బ్యాచి ముందుకు పోతుంది. అతుకు దగ్గరే నున్నగా, అద్దంలా విడిపోతే తయారైన మిగతా ముక్కలు ఎంత బాగా కనబడినా పక్కన పెట్టి, స్టీలు ముఖం కోత దగ్గర నుంచి మళ్లీ మొదలుపెడతారు.